అభ్యసనం అంటే ‘ప్రవర్తనలో మార్పు’ అనే ఎందుకు రాస్తారు?

నాగర్‌కర్నూల్ నుంచి డీఎస్సీకి చదువుకుంటున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. “సర్, ఏ పుస్తకం తీసినా అభ్యసనం అంటే అనుభవం వల్ల, అభ్యాసం వల్ల ప్రవర్తనలో వచ్చే మార్పు అనే ఉంది. నేర్చుకునేది మనసు కదా, మనసులో మార్పు అని ఎందుకు రాయరు? పిల్లి, కుక్క, ఎలుక, చింపాంజీల మీద చేసినవి మా ఊరి పిల్లలకు ఎట్లా వర్తిస్తాయి? వీటి వెనక ఉన్న తత్వశాస్త్రం ఏంటి? బిట్లు వస్తున్నాయి గానీ కథ అర్థం కావట్లేదు. రోజూ చదివింది రోజూ మళ్లీ చదువుతున్నా, అయినా పోతోంది.”

అమ్మా, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో పదకొండేళ్లు బడిలో పాఠాలు చెప్పాను. ఆ తర్వాత నల్లగొండలో టీచర్ ట్రైనింగ్ పిల్లలకు విద్యా మనోవిజ్ఞానం చెప్పాను. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లు థార్న్‌డైక్‌కు పిల్లిని, పావ్‌లోవ్‌కు కుక్కను జతపరిచి, మార్కులు తెచ్చుకుని, ఉద్యోగాల్లో చేరిపోయారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు, మొదటి మూడు నాలుగేళ్లు నేనూ అట్లాగే చెప్పాను. సమాధానం కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకో.

నేర్చుకోవడంతో వచ్చే చిక్కు ఒక్కటే, అది కంటికి కనబడదు. ఈత వచ్చినవాడూ రానివాడూ వ్యవసాయ బావి గట్టు మీద కూర్చుంటే ఇద్దరూ ఒకేలా ఉంటారు. నీళ్లలో దిగితేనే ఎవరికి వచ్చో తెలుస్తుంది. కనబడని దాన్ని ఏ సాక్ష్యంతో పట్టుకోవాలి? రెండున్నర వేల ఏళ్లుగా నడుస్తున్న గొడవ ఇదే. నువ్వు బట్టీ పట్టే ప్రతి పేరూ ఈ గొడవలో ఎవరో ఒకరి పక్షాన నిలబడినవాళ్లదే.

పాతవాళ్ల దగ్గర మొదలుపెడదాం. గ్రీకు తత్వవేత్త ప్లేటో ‘మెనో’ అనే సంభాషణలో ఒక మెలిక పెట్టాడు. తెలియని దాన్ని ఎట్లా వెతుకుతావు? ఏం వెతుకుతున్నావో తెలిస్తే వెతకాల్సిన పనే లేదు. తెలియకపోతే దొరికినా అదేనని గుర్తుపట్టలేవు. దీనికి జవాబుగా సోక్రటీస్ చదువురాని ఒక బానిస కుర్రవాణ్ని పిలిచి నేల మీద చదరం గీస్తాడు. భుజం 2 అడుగులు, వైశాల్యం 4. దీనికి రెండింతల చదరం కావాలంటే భుజం ఎంతుండాలి? కుర్రవాడు వెంటనే 4 అంటాడు. గీసి చూస్తే వైశాల్యం 16 వస్తుంది. అయితే 3 అంటాడు. అది 9. అప్పుడు తెలియదని ఒప్పుకుంటాడు. సోక్రటీస్ ప్రశ్నలతోనే నడిపిస్తూ కర్ణం మీద చదరం గీయాలన్న దాకా తీసుకొస్తాడు. “చూశావా, నేనేమీ చెప్పలేదు, వాడి ఆత్మకు ముందే తెలిసింది గుర్తొచ్చింది” అంటాడు. అంటే నేర్చుకోవడమంటే జ్ఞాపకం తెచ్చుకోవడమే అన్నమాట.

ఈ పాఠం చెప్పినప్పుడల్లా ట్రైనింగ్ పిల్లలు నవ్వేవాళ్లు. ఎందుకంటే సోక్రటీస్ ప్రశ్నల్లో చాలావాటికి ‘అవును’ తప్ప వేరే జవాబు రాదు. మా దగ్గర ఎవరైనా అట్లా మోడల్ లెసన్ చెబితే పరిశీలకుడు మార్కులు కోసేసేవాడు. కానీ ఒక సంగతి గమనించు. కుర్రవాడి తప్పు జవాబులను సోక్రటీస్ కొట్టిపారేయలేదు, వాటినే మెట్లుగా వాడుకున్నాడు.

ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్ ఇంకో దారి పట్టాడు. జ్ఞాపకాలు ఒకదాన్నొకటి లాక్కొస్తాయని, పోలిక వల్ల, విరోధం వల్ల, పక్కపక్కన ఉండటం వల్ల అట్లా జరుగుతుందని రాశాడు. సంసర్గ వాదానికి ఇదే పునాది అని మన పుస్తకాల్లో ఉంటుంది. వాటిలో లేని సంగతి ఒకటి చెబుతాను. గౌతముడి న్యాయసూత్రాల్లో మూడో అధ్యాయంలో, స్మృతి ఎందుకు పుడుతుందో చెబుతూ ఒకే సూత్రంలో ఇరవైకి పైగా కారణాలు వరుసగా పేర్చారు. అందులో సాదృశ్యం ఉంది, విరోధం ఉంది, ఒకదాని వెంట ఒకటి రావడం అనే ఆనంతర్యం ఉంది. అరిస్టాటిల్ చెప్పిన మూడూ వచ్చేశాయి. వాటితో పాటు అభ్యాసం, ఏకాగ్రత, భయం, సుఖం, దుఃఖం కూడా ఉన్నాయి. మనవాళ్లే అన్నీ ముందే కనిపెట్టారని చెప్పడం నా ఉద్దేశం కాదు, ఆ రకం గొప్పలు నాకు పడవు. జాగ్రత్తగా గమనించేవాళ్లకు ఎక్కడైనా ఈ సంగతులే కనబడతాయి, అంతే.

నైయాయికులు, అంటే ఈ న్యాయ దర్శనంవాళ్లు, ఇంకో మాట అన్నారు, దాన్ని గుర్తుపెట్టుకో. అనుభవం వల్ల ఆత్మలో ‘సంస్కారం’ అనే ముద్ర పడుతుంది. ఆ ముద్ర ప్రత్యక్షంగా కనబడదు, స్మృతి పుట్టినప్పుడు దాన్నిబట్టి ఊహించుకోవాలి. పొగను చూసి నిప్పుందని అనుకున్నట్టే. కనబడని దాన్ని దాని ఫలితాన్నిబట్టి పట్టుకోవడమన్నమాట. మళ్లీ ఇక్కడికే వస్తాం.

ఒకసారి మా బ్యాచ్‌ను నాగార్జునసాగర్ తీసుకెళ్లి, లాంచీలో కొండ మీది మ్యూజియం చూపించాను. సంప్రదాయం బౌద్ధ తత్వవేత్త నాగార్జునుణ్ని ఆ శ్రీపర్వతంతోనే ముడిపెడుతుంది. ఆయన నైయాయికులకు ఒక చిక్కు ప్రశ్న వేశాడు. వస్తువులను ప్రమాణాలతో, అంటే ప్రత్యక్షం, అనుమానం లాంటి తెలుసుకునే సాధనాలతో నిరూపిస్తారు సరే, ఆ ప్రమాణాలను దేనితో నిరూపిస్తారు? తిరుగు ప్రయాణంలో ఒక కుర్రాడు, “సర్, అంటే పిల్లవాడికి వచ్చిందో రాలేదో పరీక్ష పెట్టి చూస్తాం, ఆ పరీక్ష సరైనదో కాదో చూడటానికి ఇంకో పరీక్ష పెట్టాలా?” అన్నాడు. మూల్యాంకనం పేపర్‌లో ‘సప్రమాణత’ అని, పరీక్ష కొలవాల్సినదాన్నే కొలుస్తోందా అన్న దాని మీద ఒక అధ్యాయం చదువుతావు చూడు, ఆ అధ్యాయం సారమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఇక పదిహేడో శతాబ్దానికి వద్దాం. ఇంగ్లండ్‌లో జాన్ లాక్, మనసు పుట్టినప్పుడు ఏమీ రాయని తెల్ల కాగితం లాంటిదని, దాని మీద రాసేది అనుభవమేనని 1690 నాటి తన గ్రంథంలో వాదించాడు. అంతకు ముందు ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్, కొన్ని భావనలు పుట్టుకతోనే వస్తాయన్నాడు. వీళ్లిద్దరి తగాదాను ఎట్లా తేల్చాలి? మాలినూ అనే ఐర్లండ్ పండితుడు లాక్‌కు ఒక ప్రశ్న పంపాడు. ఆయన భార్యకు చూపు పోయింది. పుట్టుగుడ్డి ఒకడు గోళాన్నీ ఘనాన్నీ చేత్తో తడిమి గుర్తుపట్టగలడు. అతనికి ఒక్కసారిగా చూపు వస్తే, ముట్టుకోకుండా కళ్లతో చూసి ఏది గోళమో ఏది ఘనమో చెప్పగలడా? చెప్పలేడని మాలినూ, లాక్ ఇద్దరూ అన్నారు. 1694 నాటి రెండో ముద్రణలో లాక్ ఈ ప్రశ్నను చేర్చాడు. ఆ తర్వాత యూరప్ తత్వవేత్తలంతా తలా ఒక జవాబు చెప్పారు. చాలావరకు కుర్చీలో కూర్చుని చెప్పిన జవాబులే.

దీన్ని సరిగ్గా పరీక్షించి చూసింది మన దేశంలోనే. పవన్ సిన్హా నడిపిన ‘ప్రాజెక్ట్ ప్రకాశ్’లో పుట్టుకతో చూపులేని పిల్లలకు కంటి ఆపరేషన్లు చేయించారు. వాళ్లలో 8 నుంచి 17 ఏళ్ల మధ్య ఉన్న ఐదుగురిని ఆపరేషన్ అయిన రెండు రోజుల్లోపే పరీక్షించి, ఫలితాలను 2011లో ప్రచురించారు. పిల్లల ఆట దిమ్మెల్లాంటి వస్తువులు ఇచ్చారు. చేత్తో తడిమిన దాన్ని మళ్లీ చేత్తోనే గుర్తుపట్టడంలో ఇబ్బంది లేదు. కంటితో చూసిన దాన్ని కంటితో గుర్తుపట్టడంలోనూ ఇబ్బంది లేదు. చేత్తో తడిమిన దాన్ని కంటితో గుర్తుపట్టమంటే మాత్రం దాదాపు ఊహించి చెప్పినట్టే అయింది. లాక్ గెలిచాడనుకుంటే, కొద్ది రోజులకే మళ్లీ పరీక్షించిన పిల్లలు చాలా మెరుగ్గా చెప్పారు. కాగితం ఖాళీగా ఉందన్నమాట నిజమే గానీ, అంత తొందరగా రాత ఎక్కే కాగితం మామూలు కాగితం కాదు కదా! నువ్వడిగిన తత్వశాస్త్రం సైన్స్‌గా ఎట్లా మారుతుందో చెప్పమంటే నేను ఇదే చెబుతాను. మూడు వందల ఏళ్ల ప్రశ్నను మార్చకుండా అట్లాగే ఉంచి, జవాబు వెతికే పద్ధతిని మార్చారు.

ఆ పద్ధతి దొరకడం అంత సులువు కాలేదు. 1786లో జర్మన్ తత్వవేత్త కాంట్, ఏ విద్యలో ఎంత గణితం ఉందో అంతే శాస్త్రం ఉందని, మనసు గురించిన విద్యలో గణితానికి చోటు లేదు కాబట్టి అది ఎన్నటికీ అసలైన శాస్త్రం కాలేదని తేల్చేశాడు. తర్వాత ఆయన కూర్చున్న కోనిగ్స్‌బర్గ్ పీఠంలోకే వచ్చిన హెర్బార్ట్ ఈ మాట ఒప్పుకోలేదు. ఆయన సమీకరణాలు రాశాడు గానీ ప్రయోగాలు చేయలేదు. మనకు పాఠ్యపథకంలో హెర్బార్ట్ సోపానాలు అంటారే, ఆయనే ఈయన. 1860లో ఫెక్నర్ బరువు, వెలుగు లాంటి వాటి సంవేదనలను కొలిచే పద్ధతులు చూపించాడు. సంవేదన వరకైతే సరే, జ్ఞాపకాన్ని ఎట్లా కొలుస్తాం?

దాన్ని కొలిచింది ఎబ్బింగ్‌హాస్. నా లెక్క ప్రకారం అభ్యసనాన్ని సైన్స్ చేసింది ఈయనే. మన పుస్తకాలు మాత్రం విస్మృతి వక్రరేఖ, అంటే మరిచిపోయే తీరును చూపే గీత, అని నాలుగు లైన్లలో ముగిస్తాయి. ఆయనకు పెద్ద ల్యాబ్ లేదు, శిష్యులు లేరు, ప్రయోగానికి ఉన్న మనిషి తానొక్కడే. అర్థమున్న మాటలైతే పాత పరిచయం అడ్డొస్తుందని, హల్లు–అచ్చు–హల్లుతో అర్థం లేని పదాంశాలు సుమారు 2,300 తయారు చేసుకున్నాడు. వాటిలోంచి వరుసలు తీసి, గడియారం టిక్కుటిక్కులకు సరిపడా ఒకే వేగంతో చదివి, తప్పు లేకుండా అప్పజెప్పేదాకా ఎంతసేపు పట్టిందో రాసుకున్నాడు. కొంతకాలం ఆగి, అదే వరుస మళ్లీ నేర్చుకోవడానికి ఎంత పట్టిందో చూశాడు. తగ్గిన సమయమే ‘పొదుపు’. 20 నిమిషాల తర్వాత పొదుపు 58 శాతం, గంటకు 44, ఒక రోజుకు 34, 31 రోజులకు 21 శాతం. ఇదంతా 1885లో పుస్తకంగా వచ్చింది. 2015లో ఇద్దరు పరిశోధకులు అదే ప్రయోగాన్ని మళ్లీ చేయగా, గీత దాదాపు అట్లాగే వచ్చింది.

పొదుపు పద్ధతి గొప్పతనం ఎక్కడుందో చూడు. “నాకేమీ గుర్తులేదు” అని నువ్వు ప్రమాణం చేసి చెప్పినా, రెండోసారి తొందరగా వచ్చిందంటే లోపల ఏదో మిగిలే ఉంది. నీ సాక్ష్యం అక్కర్లేదు, గడియారం చెబుతుంది. ఇందాకటి సంస్కారం గుర్తుందా? స్మృతి పుట్టకపోయినా సంస్కారం ఎంత మిగిలిందో శాతాల్లో చెప్పినట్టయింది. కాంట్‌కు ఇంతకన్నా సూటి జవాబు ఎవరూ ఇవ్వలేదు.

ఇదే ప్రయోగం మా క్లాసులో తెలుగులో చేశాం. గిద్, లోమ్, పెచ్, టూవ్ అంటూ పదమూడు తయారు చేసి బోర్డు మీద రాశాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక క్లాసు, సగం మంది కళ్లు మూతలు పడుతున్నాయి. ఒక అమ్మాయి మాత్రం అందరికన్నా ముందే గడగడా అప్పజెప్పింది. ఎట్లా అని అడిగితే, “గిద్ అంటే మా తాత గిద్దెడు బియ్యం కొలిచేటోడు సర్, లోమ్ అంటే లోపల, పెచ్ అంటే పెచ్చులూడిన గోడ” అని కథ అల్లేసింది. ప్రయోగం పాడైందని ముందు విసుక్కున్నాను, తర్వాత నవ్వొచ్చింది. ఇంగ్లండ్‌లో బార్ట్‌లెట్ 1932లో ఎబ్బింగ్‌హాస్ మీద పెట్టిన అభ్యంతరం కూడా ఇదే. అర్థాన్ని తీసేస్తే కొలవడానికి వీలవుతుంది నిజమే, కానీ మనుషులు అర్థం లేకుండా ఏదీ నేర్చుకోరే!

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకు వద్దాం. 1879లో జర్మనీలో వుంట్ అనే ఆయన లైప్‌జిగ్‌లో ప్రయోగశాల పెట్టాక, మనసును చదవడానికి వాడిన పద్ధతుల్లో ముఖ్యమైనది అంతఃపరిశీలన. శిక్షణ పొందిన మనిషి తన లోపల ఏం జరుగుతోందో తానే చూసి చెప్పడమన్నమాట. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత జర్మనీలోనే వూర్జ్‌బర్గ్‌ పరిశోధకులు, ఏ బొమ్మా మనసులో మెదలకుండానే ఆలోచన సాగుతుందన్నారు. అమెరికాలో టిచెనర్ ప్రయోగశాలవాళ్లు, కాదు, బొమ్మ ఉంటుంది, మీరు సరిగ్గా చూసుకోలేదన్నారు. ఇక దీన్ని తేల్చేదెవరు? నా మనసు నాకు తప్ప ఇంకొకరికి కనబడదు. ఇద్దరు సాక్షులు ఎదురెదురుగా చెబితే మూడో సాక్షికి దారే లేదు.

ఇంకోవైపు జంతువుల తెలివి గురించి కథలే కథలు. అబ్బ, మా కుక్క తలుపు గడియ తీసింది, మా పిల్లికి అన్నీ అర్థమవుతాయి అని! అమెరికాలో థార్న్‌డైక్ దీని మీద చిరాకుపడ్డాడు. వందల కుక్కలు దారి తప్పిపోతాయి, ఎవరూ పట్టించుకోరు, ఒక్కటి ఇల్లు వెతుక్కుంటూ వస్తే అది పేపర్లో కథ అవుతుంది అన్నాడు. 1898 నాటి పరిశోధనలో పిల్లిని పెట్టెలో పెట్టి, బయట తిండి పెట్టి, ఎన్ని సెకన్లకు బయటికొచ్చిందో ప్రతిసారీ రాశాడు. సమయం నిదానంగా, ఒడుదుడుకులతో తగ్గింది. పిల్లికి మెకానిజం ‘అర్థమై’ ఉంటే గీత ఒక్కసారిగా పడిపోవాలి కదా? పడలేదు. యత్న–దోష పద్ధతి అని పేరు అట్లా వచ్చింది. అంతకు ముందు హార్వర్డ్‌లో ఉన్నప్పుడు ఆయన కోడిపిల్లల మీద చేసేవాడు. అద్దె ఇంటావిడ ఒప్పుకోకపోతే విలియం జేమ్స్ తన ఇంటి నేలమాళిగలో చోటిచ్చాడు. అదే కాలంలో రష్యాలో పావ్‌లోవ్ జీర్ణరసాల మీద పనిచేస్తున్నాడు, నోబెల్ బహుమతి కూడా 1904లో జీర్ణక్రియ మీదే వచ్చింది. తిండి పెట్టే మనిషి కనబడగానే కుక్కకు లాలాజలం ఊరడం ఆయన పనికి అడ్డొచ్చింది. ఆ అడ్డునే ఆయన పరిశోధనాంశం చేసుకున్నాడు. సెకన్లను, చుక్కలను ఎవరు లెక్కపెట్టినా ఒకటే.

ఈ దారిలోనే 1913లో అమెరికాలో వాట్సన్, మనోవిజ్ఞానం సైన్స్ కావాలంటే మనసు, చైతన్యం అనే మాటలు వదిలేసి అందరికీ కనబడే ప్రవర్తననే చదవాలని ప్రకటించాడు. నీ పుస్తకంలో ‘ప్రవర్తనలో మార్పు’ అన్న మాట ఆ నాటి నుంచే బలపడింది. మనసు లేదని కాదు, మనసు గురించి ఇద్దరు పోట్లాడితే తీర్పు చెప్పే దారి లేదని. అది సాక్ష్యం కోసం పెట్టుకున్న నియమం. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని అభ్యసనానికే నిర్వచనం చేసేశారు. నా దృష్టిలో తప్పు అక్కడ జరిగింది. థర్మామీటర్‌లో పాదరసం ఎక్కడమే జ్వరం అన్నట్టు.

ఈ తప్పును ఎలుకలే బయటపెట్టాయి. 1930లో టోల్మన్, హాంజిక్ చేసిన ప్రయోగంలో ఒక గుంపు ఎలుకలను పది రోజులు తిండి పెట్టకుండా చిక్కుదారిలో వదిలారు. అవి ఊరికే తిరిగాయి, తప్పుదారులు పెద్దగా తగ్గలేదు. ప్రవర్తనలో మార్పు లేదు కాబట్టి అభ్యసనం లేదనాలి కదా? పదకొండో రోజు గమ్యంలో తిండి పెట్టారు. పన్నెండో రోజుకల్లా, మొదటి నుంచీ తిండి దొరికిన ఎలుకలతో సమానమైపోయాయి. దారి ఎప్పుడో తెలుసు, చూపించాల్సిన అవసరం రాలేదంతే. మన బడుల్లో వెనక బెంచీలో నోరు విప్పని పిల్లలను చూసినప్పుడల్లా నాకు ఈ ఎలుకలే గుర్తొచ్చేవి.

జంతువుల ప్రయోగాలు మనకెట్లా వర్తిస్తాయని అడిగావు. ముందు, జంతువును ఎట్లాంటి పెట్టెలో పెట్టారో చూడు. టెనరీఫ్ దీవిలో చింపాంజీలతో పనిచేసిన కోహ్లర్, థార్న్‌డైక్ పెట్టెలో మీట ఎట్లా పనిచేస్తుందో పిల్లికి కనబడనే కనబడదు, ఇక దానికి అర్థం కావడానికి ఏముంది అన్నాడు. తన చింపాంజీల ముందు కర్రలు, పెట్టెలు, అరటిపండు అన్నీ ఎదురుగా పెట్టాడు. అంతర్దృష్టి, అంటే దారి ఒక్కసారిగా తట్టడం, కనబడింది. 1927లో బెర్ట్రండ్ రసెల్ దీని మీద ఎగతాళి చేశాడు. అమెరికావాళ్ల జంతువులు హడావిడిగా అటూఇటూ పరిగెత్తి చివరికి అదృష్టం కొద్దీ జవాబు కనుక్కుంటాయట, జర్మన్లవేమో కదలకుండా కూర్చుని ఆలోచించి కనుక్కుంటాయట!

ఇంకో కథ ఉంది, ఇది పరీక్షలో రాదు. 1946లో గత్రీ, హార్టన్ అనేవాళ్లు, పెట్టెలో నిలబెట్టిన కడ్డీని పిల్లి తాకితే తలుపు తెరుచుకునేట్టు చేశారు. పిల్లులు ప్రతిసారీ అదే తీరుగా ఒళ్లు రాసుకుంటూ కడ్డీని తాకాయి. మొదటిసారి ఏ కదలిక పనిచేసిందో అదే అలవాటైందని సిద్ధాంతం రాసుకున్నారు. 1979లో ఇంకో ఇద్దరు, ఎదురుగా మనిషి కనబడితేనే పిల్లి అట్లా ఒళ్లు రాసుకుంటుందని, మనిషి లేకపోతే లేదని చూపించారు. పాపం, పిల్లి పలకరించింది. వాళ్లేమో అభ్యసనం అని రాసుకున్నారు. ఏ ఇంట్లో పిల్లిని పెంచే అవ్వను అడిగినా చెప్పేది.

థార్న్‌డైక్‌ను మెచ్చుకోవాల్సిన విషయం ఒకటుంది. సాధన చేస్తే అదే వస్తుందన్న ‘అభ్యాస నియమాన్ని’ ఆయనే తర్వాత వెనక్కి తీసుకున్నాడు. కళ్లు మూసుకుని 4 అంగుళాల గీత గీయమని, సరిగ్గా వచ్చిందో లేదో చెప్పకుండా 3,000 సార్లు గీయించి చూస్తే మెరుగే లేదు. సుఖమిచ్చిన పని నిలుస్తుంది, బాధపెట్టింది పోతుంది అన్న ‘ఫలిత నియమాన్ని’ కూడా, బహుమతికి ఉన్నంత బలం శిక్షకు లేదని సగానికి తగ్గించాడు. అచ్చులో తప్పు ఒప్పుకున్న పెద్దమనిషి ఆయన. మన బిట్ బ్యాంకుల్లో మాత్రం సంసిద్ధత, అభ్యాసం, ఫలితం అన్న మూడు నియమాలూ ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి, కాపీరైటింగ్ పుస్తకాలు నింపించేవాళ్లూ ఉన్నారు.

బహుమతితో ప్రవర్తనను మలచవచ్చన్న స్కిన్నర్ గురించి నీకు తెలిసిందే, ఒక్క విషయం చెప్పి వదిలేస్తాను. 1953లో కూతురి నాలుగో తరగతి లెక్కల క్లాసుకు వెళ్లి, పిల్లలు చేసిన లెక్క తప్పో ఒప్పో తెలియకుండా కూర్చోవడం చూసి బోధనా యంత్రం తయారీకి దిగాడు. అందులో తప్పేమీ లేదు. భాషను కూడా ఇదే లెక్కన వివరించబోతే 1959లో భాషాశాస్త్రవేత్త చోమ్‌స్కీ, పిల్లలు ఎన్నడూ వినని వాక్యాలు ఎట్లా మాట్లాడుతున్నారని నిలదీశాడు. ఆ వాదన చదువుతుంటే డెకార్ట్ మళ్లీ లేచి వచ్చినట్టుంటుంది. అప్పటికే కంప్యూటర్లు వచ్చాయి. యంత్రం లోపల ఏం జరుగుతోందో మాట్లాడుకోవడం తప్పు కానప్పుడు మనిషి లోపలి సంగతి మాట్లాడితే తప్పేంటన్న ధైర్యం వచ్చింది. ఒకే ఏడాది, 1896లో పుట్టిన మరో ఇద్దరున్నారు. పియాజే పారిస్‌లో పిల్లల తెలివి పరీక్షల మీద పనిచేస్తూ, ఒప్పు జవాబులకన్నా తప్పు జవాబుల్లోనే ఒక వరుస ఉందని గమనించాడు. కాంట్ చెప్పిన కాలం, స్థలం, కారణం లాంటి భావనలు పిల్లల్లో ఎట్లా కట్టుకుంటూ వస్తాయన్నదే ఆయన జీవితకాలపు ప్రశ్న. వైగాట్‌స్కీ 37 ఏళ్లకే క్షయతో పోయాడు. పిల్లవాడు ఒంటరిగా చేసేదాన్ని కాదు, పెద్దల సాయంతో చేయగలిగేదాన్ని కొలవమన్నాడు, సామీప్య వికాస మండలం అంటే అదే. ఇక్కడ కూడా చూడు, మళ్లీ సాక్ష్యం దగ్గరే తేడా.

ఇక మన ఊరి పిల్లల సంగతి. నేను జడ్చర్ల దగ్గర పనిచేస్తున్నప్పుడు ఆరో తరగతిలో ఒకడుండేవాడు. దసరా దాటితే బాలానగర్ సీతాఫలాలు గంపలో పెట్టుకుని రోడ్డు మీద అమ్మేవాడు, బడికి వారానికి మూడు రోజులే. ఒకసారి బస్సు కోసం నిలబడి వాడి దగ్గరే కొన్నాను. నాలుగు పండ్లు పది రూపాయలు. పద్నాలుగు ఇవ్వరా అన్నాను. చేతులు పండ్లు ఏరుతూనే ఉన్నాయి, “మూడు నాల్గులు ముప్పై, ఇంక రెండిటికి ఐదు, ముప్పై ఐదు సార్” అన్నాడు. యాభై ఇస్తే పదిహేను చేతిలో పెట్టాడు. సోమవారం అదే లెక్క బోర్డు మీద వేశాను. పద్నాలుగును పదితో గుణించి 140 అని రాశాడు, అక్కడిదాకా బాగానే ఉంది. నాలుగుతో భాగించేటప్పుడు 14లో 12 తీసి, 3 పెట్టి, సున్నా దించడం మరిచిపోయాడు. జవాబు 3 రూపాయలు. “పద్నాలుగు పండ్లు మూడు రూపాయలకిస్తవారా?” అని అడిగాను. నా మొహం చూసి, “ఇది లెక్క గద సార్, అవి పండ్లు” అన్నాడు.

అప్పుడు నాకు అది వాడి అమాయకత్వం అనిపించింది. చాలా ఏళ్ల తర్వాత బ్రెజిల్ దేశంలో రెసిఫె పట్నంలో వీధుల్లో కొబ్బరికాయలు, పండ్లు అమ్మే పిల్లల మీద చేసిన పరిశోధన చదివాను, 1985లో వచ్చింది. ఐదుగురు పిల్లలు. బేరంలో అడిగితే 98 శాతం ఒప్పు జవాబులు. అవే లెక్కలను కాగితం మీద అంకెల్లో ఇస్తే 37 శాతం. చదువుతుంటే ఆ రోజు బస్సు స్టాపు కళ్లముందు కదిలింది. వాడికి లెక్క రాదని రిజిస్టర్‌లో రాసింది నేనే.

జీన్ లేవ్ అనే ఆమె లైబీరియాలో దర్జీల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లను చూసి, నేర్చుకోవడమంటే బుర్రలోకి ఏదో ఎక్కించుకోవడం కాదు, పనిచేసేవాళ్ల మధ్య నెమ్మదిగా చోటు సంపాదించుకోవడం అంది. అక్కడ కుర్రాళ్లు చివరి పని ముందు నేర్చుకుంటారు. మొదట గుండీలు, అంచులు కుట్టడం, గుడ్డ కత్తిరించడం అన్నిటికన్నా ఆఖరున. ఎందుకంటే కత్తిరింపు తప్పితే గుడ్డ పోతుంది. నేతపని చేసే ఊరు గట్టుప్పల్‌లో నా శిష్యురాలి ఇంటికి వెళ్లినప్పుడు ఇదే చూశాను. ఆమె చెల్లెలు చిన్నపిల్ల, కండెలు చుడుతోంది. మధ్యమధ్య లేచి, అమ్మ పడుగు మీద గీతలు పెట్టి రబ్బరు పట్టీలతో చిటికి (రంగు అంటకుండా నూలును అక్కడక్కడ బిగించి కట్టడం) కడుతుంటే పక్కన కూర్చుని చూస్తోంది. ఎవరూ ఏమీ చెప్పడం లేదు. కాసేపటికి అమ్మ తల ఎత్తకుండానే చెయ్యి చాపింది, పిల్ల సరైన పొడవు పట్టీ తీసి అందులో పెట్టింది. ఆ పిల్లకు చిటికి ఎంతవరకు వచ్చో చెప్పమంటే ఏ పరీక్ష పెడతావు?

చివర్లో నువ్వు, “రోజూ చదివింది రోజూ మళ్లీ చదువుతున్నా, అయినా పోతోంది” అన్నావు. దీనికి మాత్రం సూటి జవాబుంది. 2006లో రోడిగర్, కార్పికీ ఒక గుంపుతో పాఠాన్ని నాలుగుసార్లు చదివించారు, ఇంకో గుంపుతో ఒకసారే చదివించి మూడుసార్లు చూడకుండా రాయించారు. ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే చదివినవాళ్లకు 83 శాతం, రాసినవాళ్లకు 71. వారం తర్వాత పెడితే చదివినవాళ్లకు 40, రాసినవాళ్లకు 61. చదివిన వెంటనే ‘వచ్చేసింది’ అనిపించడం కూడా ఒక రకం అంతఃపరిశీలనే, నమ్మకు. పుస్తకం మూసి తెల్ల కాగితం మీద రాసి చూసుకో, రెండు రోజులాగి మళ్లీ రాయి.

పరీక్షలో అభ్యసన నిర్వచనం అడిగితే మాత్రం ‘ప్రవర్తనలో మార్పు’ మీదే క్లిక్ చెయ్యి. కీలో అదే ఉంటుంది.